చుక్కల్లో ఇనుమెంత?

టౌ సీటై అనే నక్షత్రం మనకు సుమారు 12 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఊరి దీపాలకు ఎడంగా నిలబడి, చలికాలం మొదట్లో దక్షిణ దిక్కున వెతికితే వట్టి కంటికే ఆనుతుంది. నక్షత్రాల రసాయనిక కూర్పును నమోదు చేసే కేటలాగుల్లో దాని పేరుకు ఎదురుగా మైనస్ 0.5 కి అటో ఇటో ఒక అంకె కనిపిస్తుంది. లాగరిథమ్ లెక్కలో వేసిన ఆ అంకెను విప్పి చదివితే, సూర్యుడిలో ఇనుము ఎంత పాలు ఉందో ఈ నక్షత్రంలో అందులో మూడో వంతే ఉందని అర్థం. ఎవరూ వెళ్ళలేని చోట, ఎవరూ తాకలేని పదార్థం గురించి ఇంత ధీమాగా అంకె వేయడానికి మనిషికి రెండు వందల ఏళ్ళు పట్టింది. ఆ కాలాన్ని వెనుదిరిగి చూస్తే కొత్తది కనుక్కున్నవాళ్ళ పేర్లు ముందుగా కనబడతాయి. వాళ్ళ వెనక గాజు పలకల ముందు, పాత పత్రికల గుట్టల ముందు కూర్చుని వరసపెట్టి రాసుకుంటూ పోయినవాళ్ళున్నారు. ఈ శాస్త్రం బరువంతా మోసింది వాళ్ళేనని నా నమ్మకం. అంకెలు ఎక్కడ మోసం చేస్తాయో ముందు పసిగట్టిందీ చాలాసార్లు వాళ్ళే.

మొదటి జాబితా రాసినవాడు గాజు పనివాడు. 1814లో, మ్యూనిక్ దగ్గరి గాజు కర్మాగారంలో యోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ తాను చేసే కటకాల గుణం పరీక్షించుకోవడానికి సూర్యకాంతిని పట్టకం గుండా పంపి దుర్భిణితో చూశాడు. రంగుల పట్టీ మీద నిలువుగా సన్నటి నల్ల గీతలు కనిపించాయి. 1802లోనే ఇంగ్లండులో వొలాస్టన్ అలాంటివి కొన్ని చూసి, రంగుకూ రంగుకూ మధ్య హద్దులనుకుని వదిలేశాడు. ఫ్రాన్‌హోఫర్ వదల్లేదు. 574 గీతలను గుర్తించి, ప్రధానమైనవాటికి ఏ, బీ, సీ, డీ అంటూ అక్షరాలు తగిలించాడు. ఆ అక్షరాల్లో కొన్ని ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. చుక్కల కాంతిలోనూ చూసి, వాటిలో కొన్నింటి గీతలు సూర్యుడి గీతలతో కలవవని గమనించాడు. అవి ఏమిటో తెలియకుండానే 1826లో, 39 ఏళ్ళకు కన్నుమూశాడు.

నక్షత్రాలు వేటితో తయారయ్యాయో మనిషికి ఎన్నటికీ తెలియదని ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్త్ కాంత్ 1835లో తేల్చేశాడు. ఆయన పోయిన రెండేళ్ళకే, 1859లో, హైడెల్బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ కలిసి ఆ తీర్పును కొట్టేశారు. మంటలో ఉప్పు చల్లితే కనిపించే సోడియం పసుపు గీతలు సరిగ్గా ఫ్రాన్‌హోఫర్ ‘డీ’ గీతల చోటే పడుతున్నాయి. వేడిగా ఉన్నప్పుడు ఏ మూలకం ఏ రంగు వెలువరిస్తుందో, వెనక అంతకన్నా వేడి వెలుగు ఉన్నప్పుడు అదే రంగును మింగి నల్ల గీత మిగులుస్తుంది. అంటే ప్రతి మూలకానికీ తన వేలిముద్ర ఉంది.

ఇంకేం, ఆ ముద్రలను చుక్కల్లో వెతకడమే తరువాయి. లండన్ శివారు టల్స్ హిల్‌లో తన ఇంటి తోటలో దుర్భిణి పెట్టుకున్న విలియం హగ్గిన్స్, రసాయనశాస్త్రవేత్త విలియం మిల్లర్‌తో కలిసి ఆ పని చేశాడు. 1864లో వాళ్ళు ప్రకటించిన ఫలితాల్లో మన రోహిణి, ఆర్ద్ర రెండూ ఉన్నాయి. రోహిణిలో సోడియం, మెగ్నీషియం, కాల్షియం, ఇనుము, హైడ్రోజన్‌తో బాటు బిస్మత్, టెల్యూరియం, ఆంటిమొనీ, పాదరసం కూడా కనబడ్డాయన్నారు. ఆర్ద్రలో హైడ్రోజన్ గీతలు కనిపించలేదన్నారు. ఇక్కడ కాసేపు ఆగాలి. ఆర్ద్ర నిండా ఉన్నది హైడ్రోజనే. వాళ్ళు చూసింది అబద్ధం కాదు, గీత నిజంగానే వాళ్ళ కంటికి ఆనలేదు. గీత లేనంత మాత్రాన మూలకం లేదనుకోకూడదని, గీత బలంగా ఉన్నంత మాత్రాన మూలకం దండిగా ఉందనుకోకూడదని నేర్చుకోవడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది.

ఈ కథ తెలుగు నేల మీదికి వచ్చిన రోజు 1868 ఆగస్టు 18. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం నీడ దక్కను మీదుగా సాగి కోస్తా దాటింది. ఫ్రాన్సు నుంచి జూల్ జాన్సెన్ వచ్చి గుంటూరులో మకాం వేశాడు. బ్రిటిష్ బృందంతో టెనెంట్ కూడా గుంటూరులోనే దిగాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం ఎంచుకున్నాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేస్తూ, అంతకు ముందు ఏడాదే వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక చంచల నక్షత్రాన్ని కనిపెట్టిన చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్ళాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కమ్మిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని మొదటిసారి వర్ణపటదర్శినిలోంచి చూశారు. నల్ల గీతలు కావు, మెరిసే గీతలు. జ్వాలలు వాయువేనని, అందులో హైడ్రోజన్ ముఖ్యమని తేలింది. ఆ గీతల వెలుగు చూసిన జాన్సెన్‌కు, గ్రహణం లేకపోయినా వీటిని పట్టుకోవచ్చునని తోచింది. మర్నాడు గుంటూరు ఎండలోనే పట్టుకున్నాడు.

హీలియం గుంటూరులో పుట్టిందని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. గర్వం తప్పేమీ కాదు, కానీ జరిగింది జరిగినట్టు చెప్పుకుంటేనే అందం. జ్వాలల్లో ఒక పసుపు గీత ఉంది. చూసినవాళ్ళలో ఎక్కువమంది దాన్ని సోడియం గీతనుకున్నారు. అది సరిగ్గా సోడియం చోట ఉందని పోగ్సన్ ఖాయంగా రాయలేదు, అక్కడో ఆ దగ్గర్లోనో అన్నాడు. గ్రహణం కోసం ఎక్కడికీ వెళ్ళని నార్మన్ లాకియర్, అదే అక్టోబరులో ఇంగ్లండులో జ్వాలల గీతలు పట్టుకున్నాడు. పసుపు గీత సోడియం చోట లేదని కొలిచి, భూమ్మీద ఎరగని మూలకమేదో ఉందన్న చోటికి వచ్చాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి ఆ వాయువును రాబట్టేదాకా చాలామంది నమ్మలేదు. భూమి మీద కన్నా ముందు ఆకాశంలో దొరికి, నిజమని తేలిన మూలకం అదొక్కటే. గుంటూరు, మచిలీపట్నం దానికి గుమ్మాలు.

అప్పటికి చూడటమంతా కంటితోనే. ఫోటో వచ్చాక పని స్వరూపమే మారింది. 1872లో అమెరికాలో హెన్రీ డ్రేపర్ అభిజిత్ నక్షత్రం వర్ణపటాన్ని, గీతలతో సహా, పలక మీదికి ఎక్కించాడు. పదేళ్ళకే ఆయన పోతే, భార్య అన్నా పామర్ డ్రేపర్ తన డబ్బు హార్వర్డ్ అబ్జర్వేటరీకి ఇచ్చి ఆయన పేరున పని సాగించమంది. అక్కడి డైరెక్టర్ పికరింగ్ దుర్భిణి ముఖాన పెద్ద పట్టకం బిగించాడు. దాంతో ఒక్క గాజు పలక మీద వందల చుక్కలు చుక్కలుగా కాక చిన్న చిన్న చారలుగా పడేవి. ఆ చారలను చదవడానికి ఆడవాళ్ళను పెట్టుకున్నాడు. జీతం గంటకు పాతిక సెంట్ల నుంచి మొదలు. పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరిన స్కాట్లండు మహిళ విల్లమీనా ఫ్లెమింగ్ పర్యవేక్షణలో 1890లో 10,351 నక్షత్రాల కేటలాగ్ వచ్చింది.

ఆమె తరవాత ఆనీ జంప్ కానన్. సరిగ్గా వినబడేది కాదు. భూతద్దం పలక మీద ఆనించి, ఒక్కో చారను చూసి దాని తరగతి అక్షరం పైకి చెప్పేది. పక్కన కూర్చున్న అమ్మాయి రాసుకునేది. చెయ్యి తిరిగాక నిమిషానికి మూడు నక్షత్రాలు. ఏళ్ళ తరవాత అదే పలకను మళ్ళీ ఇచ్చినా చాలావరకు అదే అక్షరం చెప్పేదట. 1918 నుంచి 1924 వరకు తొమ్మిది సంపుటాలుగా వెలువడిన హెన్రీ డ్రేపర్ కేటలాగులో 2,25,300 నక్షత్రాలున్నాయి. ఇవాళ ఖగోళశాస్త్రజ్ఞులు ఒక నక్షత్రాన్ని హెచ్‌డి 140283 అని పిలిస్తే, ఆ నంబరు కానన్ పుస్తకంలోదే. నూరేళ్ళుగా రోజూ వాడుతున్న పుస్తకం శాస్త్రంలో ఇంకెన్ని ఉన్నాయి?

అయితే కానన్ పలికే ఆ తరగతి అక్షరాల వరస, ఓ బీ ఏ ఎఫ్ జీ కే ఎం, దేన్ని చెబుతోంది? చాలామంది పదార్థాన్ననుకున్నారు. ఏ తరగతిలో హైడ్రోజన్ గీతలు దట్టంగా ఉంటే అక్కడ హైడ్రోజన్ ఎక్కువని, కే తరగతిలో లోహాల గీతలు ఎక్కువ గనక అక్కడ లోహాలు ఎక్కువని. ఈ చిక్కుముడి విప్పినవాడు కలకత్తాలో ఉన్న మేఘనాద్ సాహా. 1920లో ఆయన అయనీకరణ సమీకరణం రాశాడు. ఎంత వేడిలో, ఎంత పీడనంలో ఒక మూలకం పరమాణువుల్లో ఎన్నింటికి ఎలక్ట్రాన్ ఊడిపోయి ఉంటుందో అది లెక్కకట్టి చెబుతుంది. ఎలక్ట్రాన్ ఊడిన కాల్షియం మింగే రంగులు వేరు, ఊడని కాల్షియం మింగే రంగులు వేరు. కాబట్టి ఒకే పదార్థం వేడిని బట్టి వేరువేరు గీతల వేషం కడుతుంది. కానన్ వరస నిజానికి ఉష్ణోగ్రతల వరస. హగ్గిన్స్‌కు ఆర్ద్రలో హైడ్రోజన్ ఎందుకు కనబడలేదో కూడా ఇక్కడే తేలిపోయింది. కనబడే గీత గీయాలంటే హైడ్రోజన్‌కు బాగా వేడి తగలాలి, ఆర్ద్ర అంత వేడిది కాదు.

సాహా సమీకరణాన్ని, హార్వర్డ్ పలకలను ఒకచోటికి చేర్చింది సిసీలియా పేన్. ఇంగ్లండులో ఆడపిల్లకు ఖగోళశాస్త్రంలో పరిశోధనకు దారి కనబడక 1923లో హార్వర్డ్ చేరింది. రెండేళ్ళలో రాసిన సిద్ధాంత గ్రంథంలో 18 మూలకాల పాళ్ళు లెక్కవేసింది. సిలికాన్, ఇనుము వంటివన్నీ భూమి పైపొరలో ఉన్న పాళ్ళకు దగ్గరగానే వచ్చాయి. హైడ్రోజన్ మాత్రం లోహాలకన్నా పది లక్షల రెట్లు ఎక్కువ తేలింది. సూర్యుడూ భూమీ ఒకే సరుకుతో అయ్యాయని నమ్ముతున్న రోజులవి. ప్రిన్స్‌టన్ పెద్దాయన హెన్రీ నోరిస్ రసెల్ ఇది అసాధ్యమని ఉత్తరం రాశాడు. ఆమె తన గ్రంథంలో ఆ హైడ్రోజన్ అంకె దాదాపు ఖాయంగా నిజం కాదని తానే రాసి అచ్చువేయవలసి వచ్చింది. నాలుగేళ్ళ తరవాత, 1929లో, రసెలే సూర్యుడిలో 56 మూలకాల పాళ్ళు వేరే దారిలో లెక్కకట్టి హైడ్రోజనే అధికమని ఒప్పుకున్నాడు. పేన్ పనిని ఆ వ్యాసంలో ప్రస్తావించాడు కూడా. అయినా చాలాకాలం ఆ పేరు రసెల్‌కే పోయింది. విశ్వంలో అత్యధికంగా ఉన్న మూలకం ఏదో మొదట లెక్కకట్టిన మనిషి హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయింది 1956లో. ఎన్నిసార్లు చదివినా ఈ సంగతి నన్ను బాధపెడుతుంది.

ఏముందో తెలిసింది. ఎంతుందో తూకం వేయడం ఇంకా మిగిలింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో మార్సెల్ మిన్నార్ట్ గీత లోతును, వెడల్పును కలిపి దాని మొత్తం వైశాల్యాన్ని కొలిచే పద్ధతి స్థిరపరిచాడు. ఇందులో ఒక మెలిక ఉంది. బట్టను రంగులో ముంచితే మొదట ముంచినకొద్దీ ముదురుతుంది, ఆ పైన ఎంత నానబెట్టినా రంగు పెద్దగా ఎక్కదు. గీతా అంతే. సన్న గీత పరమాణువుల సంఖ్యకు తగ్గట్టు పెరుగుతుంది, ఒక స్థాయి దాటాక మొండికేస్తుంది, పరమాణువులు మరీ విపరీతమైతేనే మళ్ళీ అంచులు విప్పుకుంటుంది. అందుకే మంచి లెక్కకు కంటికి కొట్టొచ్చే గీతలు పనికిరావు, బక్క గీతలు కావాలి. ఆల్బ్రెక్ట్ ఉన్సోల్డ్ 1939లో అమెరికాలో తీసుకున్న ఫోటోలతో వృశ్చికంలోని టౌ స్కార్పై నక్షత్రాన్ని ఏళ్ళ తరబడి లెక్కగట్టాడు. సూర్యుడు కాక ఇంకో నక్షత్రాన్ని పూర్తిగా విడగొట్టి చూడటం అదే మొదలు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతూండగా, జర్మనీలోని కీల్‌లో కూర్చుని చేసిన పని అది.

చుక్కలన్నిటి కూర్పూ ఒకటేనన్న నమ్మకం 1951లో చెదిరింది. చాంబర్లేన్, ఆలర్ అనే ఇద్దరు హెచ్‌డి 19445, హెచ్‌డి 140283 అనే నక్షత్రాల్లో లోహాలు సూర్యుడిలోకన్నా బాగా తక్కువని ప్రకటించారు. వాళ్ళు జంకుతూనే అంకె వేశారు. ఇప్పటి లెక్కలో రెండో దాంట్లో ఇనుము సూర్యుడిలో ఉన్నదాంట్లో రెండు వందో వంతు కూడా లేదు. మరుసటేడు పాల్ మెరిల్ కొన్ని ఎర్రటి నక్షత్రాల్లో టెక్నీషియం గీతలు పట్టుకున్నాడు. ఆ మూలకం నిలకడ లేనిది. అన్నిటికన్నా ఎక్కువకాలం మన్నే దాని రూపం కూడా నలభై లక్షల ఏళ్ళలో సగానికి సగం తరిగిపోతుంది. కోట్ల ఏళ్ళ వయసున్న నక్షత్రంలో అది ఉందంటే అక్కడే వండుతున్నారన్నమాట. 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, ఫౌలర్, హోయిల్ రాసిన వంద పేజీలు దాటిన వ్యాసం ఆ వంటశాల పద్ధతులన్నీ వివరించింది. పాత చుక్కల్లో ఇనుము ఎందుకు తక్కువో అర్థమైంది. అవి పుట్టేనాటికి ముందు తరాల నక్షత్రాలు పేలి లోహాలను వెదజల్లింది ఇంకా కొంచెమే.

ఇక అందరూ కొలిచేవాళ్ళే. ఇనుముకు కనబడే కాంతిలోనే వేల గీతలున్నాయి కాబట్టి లోహాలన్నిటికీ అదే ప్రతినిధి అయింది. ఫలితాలు పదుల పత్రికల్లో చెల్లాచెదురుగా వస్తున్నాయి. పారిస్ దగ్గర మూదోన్ అబ్జర్వేటరీలో జ్యూసా కైరెల్ ద స్ట్రోబెల్ వాటిని ఏరి ఒకచోట చేర్చే పనికి పూనుకుంది. ఇటలీలోని టూరిన్‌లో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన మనిషి. 1980 నుంచి సహచరులతో కలిసి కేటలాగును కూర్పు మీద కూర్పు పెంచుతూ పోయింది. 1997 కూర్పులో 700 వ్యాసాల నుంచి తీసిన 5,946 కొలతలున్నాయి, నక్షత్రాలు మాత్రం 3,247. ఆ తేడాలోనే ఆమె విజ్ఞత ఉంది. ఒకే నక్షత్రానికి ఐదుగురు ఐదు అంకెలు వేస్తే సగటు తీసి ఒకటి చేయలేదు. ఐదింటినీ, ఎవరు ఎంత ఉష్ణోగ్రత అనుకుని లెక్కవేశారో ఆ వివరంతో సహా, పక్కపక్కన పెట్టింది. పొత్తు కుదరని చోటును దాచకపోవడం కేటలాగు రాసేవాళ్ళ మొదటి ధర్మమని నేననుకుంటాను. ఆమె భర్త రోజె కైరెల్ 2001లో ఒక ముసలి నక్షత్రంలో యురేనియం గీత పట్టుకుని, ఆ మూలకం తరిగిన లెక్కతో దాని వయసు సుమారు 1,250 కోట్ల ఏళ్ళని చెప్పాడు.

చుక్కకో రాత్రి చొప్పున సాగిన ఆ కాలపు నాణ్యమైన పనుల్లో 1993లో స్వీడన్ నుంచి ఎడ్వర్డ్‌సన్ బృందం 189 నక్షత్రాలతో చేసింది ఒకటి. 2003లో బాచం ఈశ్వర్ రెడ్డి, డేవిడ్ లాంబర్ట్ తదితరులు 181 నక్షత్రాల్లో కార్బన్ నుంచి యూరోపియం దాకా 27 మూలకాలను లెక్కకట్టింది ఇంకొకటి. ఈశ్వర్ రెడ్డి బెంగళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థ శాస్త్రవేత్త. పాలపుంత పళ్ళెంలో పలచటి పొర, మందపాటి పొర అని రెండున్నాయని, వాటి నక్షత్రాల రసాయన చరిత్రలు వేరని చెప్పడానికి ఆ పట్టికలను ఇప్పటికీ ఉదహరిస్తారు.

తరవాత వచ్చింది వరద. న్యూమెక్సికో కొండ మీద అపోజీ సర్వేలో ప్రతి ఆకాశ భాగానికీ ఒక అల్యూమినియం పళ్ళెం చేసేవారు. చుక్క ఉన్న చోటల్లా ఒక రంధ్రం. పగలు మనుషులు కూర్చుని ఒక్కో రంధ్రంలో చేత్తో ఒక్కో ఆప్టికల్ ఫైబర్ తీగ గుచ్చేవారు, 300 తీగలు. రాత్రికి వందల నక్షత్రాల కాంతి ఒకేసారి దిగేది. ఆస్ట్రేలియాలో గలా సర్వే, చైనాలో లామోస్ట్ ఇదే దారి పట్టాయి. 2022 జూన్‌లో యూరప్ వారి గయా ఉపగ్రహం దాదాపు 56 లక్షల నక్షత్రాల రసాయన వివరాలు ఒక్కసారిగా కుమ్మరించింది. అంతకు ముందే, ఇలాంటి రాశుల వల్లే, వెయ్యి కోట్ల ఏళ్ళ కింద పాలపుంత ఒక చిన్న గెలాక్సీని మింగిందని 2018లో బయటపడింది. మింగుడుపడిన నక్షత్రాల కదలిక, వాటి రసాయన పాళ్ళు స్థానికుల వాటితో కలవకపోవడమే సాక్ష్యం.

అంకెలు పెరిగినకొద్దీ పాత ప్రశ్న పెద్దదైంది, ఎవరి అంకెను నమ్మాలి? 2014లో నటాలీ హింకెల్ బృందం, నాలుగో శతాబ్దపు అలెగ్జాండ్రియా విదుషి హిపేషియా పేరుతో ఒక కేటలాగు తెచ్చింది. సూర్యుడికి చుట్టుపక్కలున్న 3,058 నక్షత్రాల్లో 50 మూలకాలు, 84 చోట్ల అచ్చైన ఫలితాల నుంచి. ఒకే నక్షత్రానికి వేరువేరు బృందాలు ఇచ్చిన అంకెల మధ్య ఎడం, వాళ్ళు తమకు తాము రాసుకున్న లోపపు హద్దును దాటిపోతోందని అందులో స్పష్టంగా కనిపించింది. అప్పుడామె ఒక పరీక్ష పెట్టింది. టౌ సీటైతో సహా నాలుగు నక్షత్రాల వర్ణపటాలను ఆరు బృందాలకు ఇచ్చి లెక్కవేయమంది. గీతల పట్టిక, ఉష్ణోగ్రత అందరికీ ఒకటే ఇచ్చి మళ్ళీ వేయమంది. అంకెలు అప్పటికీ పూర్తిగా ఒక్కటి కాలేదు. 2016లో ఆ ఫలితాన్ని దాపరికం లేకుండా అచ్చువేశారు. గ్రహాలు ఏ నక్షత్రాల చుట్టూ ఎక్కువ పుడతాయో, వాటి కడుపులో ఇనుమెంతో రాయెంతో అంచనా వేసేవాళ్ళు ఈ అంకెల మీదే ఆధారపడతారు.

లక్షల చారలను ఇవాళ మనిషి చదవలేడు. 2015లో మెలిసా నెస్ బృందం తయారుచేసిన ఒక కంప్యూటర్ పద్ధతి, బాగా తెలిసిన సుమారు 540 నక్షత్రాలను చూసి నేర్చుకుని అపోజీ వారి యాభై అయిదు వేల నక్షత్రాలకు అంకెలు వేసింది. దానికి ‘ది కానన్’ అని ఆనీ జంప్ కానన్ పేరే పెట్టారు. నేర్పిన ఆ కొద్ది నక్షత్రాల అంకెలు మాత్రం అంతకు ముందే లెక్కకట్టి పెట్టినవి. వాటిలో పొరపాటుంటే వేలల్లోనూ ఉంటుంది.

అన్నిటికీ కొలబద్ద సూర్యుడు, ఆయన పద్దే సున్న. ఆ సున్నే ఇంకా కుదురుకోలేదు. 1998 లెక్కలో సూర్యుడి బరువులో హైడ్రోజన్, హీలియం కానివన్నీ కలిపి 1.69 శాతం. మార్టిన్ ఆస్ప్లండ్ బృందం సూర్యుడి ఉపరితలం కుతకుతను మూడు కొలతల్లో కంప్యూటర్ మీద నడిపించి చూస్తే ఆక్సిజన్ తగ్గి, 2009కి అది 1.34 అయింది. సూర్యుడి లోపలి ప్రకంపనలను చదివేవాళ్ళకు ఆ తగ్గుదల పొసగలేదు. 2022లో ఇంకో బృందం మళ్ళీ పైకి లెక్కగట్టింది. ఆ ఒక్క అంకె కదిలితే దానితో పోల్చి రాసిన ప్రతి నక్షత్రం వరసా కదులుతుంది. అందుకే హిపేషియా కేటలాగు కంప్యూటర్‌లో తెరిచినవాళ్ళు, నక్షత్రం పేరుతో పాటు, ఎవరు కొలిచిన సూర్యుడితో పోల్చాలో కూడా ఎంచుకోవాలి.